చౌడు కయ్యలో మేత గడ్డి పెంచి నేలను దారికి తెచ్చుకోవడం ఎలా

మట్టి మిద్దెలు ఉన్న రోజుల్లో మన చిత్తూరు పల్లెల్లో వానలకు ముందు ఒక పని తప్పనిసరిగా జరిగేది. ఊరి బయటి చౌటి మిట్ట నుంచి బండ్లతో చౌడుమన్ను తోలుకొచ్చి, మిద్దె మీద పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టేవారు. మొదటి వానకే ఆ మన్ను మెత్తగా మెదిగి సందులన్నిటినీ పూడ్చేసేది. ఆ తరువాత ఎంత ముసురు పట్టినా ఇంట్లోకి చుక్క దిగేది కాదు. ఇంటిని కాపాడిన ఆ గుణమే పొలానికి చేటు చేస్తుంది. కయ్యలో, అంటే పొలం మడిలో, నీళ్లు కిందికి దిగవు, దిగకపోతే ఉప్పు కడుక్కుపోదు, ఉప్పు పోకపోతే పైరు నిలవదు. కాబట్టి చౌడు నేలను బాగుచేయడమంటే ముందుగా నీటికి దారి తెరవడమే. ఆ దారి తెరిచే పనిని మేత పైర్లతో చేయించుకుంటూ, అదే సమయంలో ఇంటి ఆవులకు, గొర్రెలకు పచ్చిమేత సంపాదించుకోవడం ఎలాగో తిరుపతి, చిత్తూరు జిల్లాల నేలలను, వానలను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

గడ్డి ఏ పని చేస్తుంది, ఏ పని చేయదు

ఉప్పును పీల్చే గడ్డి నాటితే చాలు, రెండేళ్లలో నేల తనంతట తానే బాగవుతుందని చెప్పేవారు మీకు ఎక్కడో ఒకచోట తారసపడతారు. ఈ మాటను లెక్క వేసి చూసుకోవడం మంచిది. చౌడు ఎకరంలో ఏడాదికి 5 టన్నుల ఎండు మేత వచ్చిందనుకుందాం. అందులో సోడియం, క్లోరైడు కలిపి నూటికి 4 పాళ్లు ఉన్నాయనుకున్నా, మీరు కోసి బయటికి మోసుకుపోయే ఉప్పు 200 కిలోలు. ఇప్పుడు నీటి లెక్క చూడండి. కరిగిన ఉప్పు ఎంతో చెప్పే లవణ సూచిక, అంటే ఈసీ, మీటరుకు 2 డెసీసైమన్లు ఉన్న బోరు నీటిలో లీటరుకు సుమారు 1.28 గ్రాముల ఉప్పు కరిగి ఉంటుంది. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇస్తే దాదాపు 2 లక్షల లీటర్లు పారుతాయి, వాటితోపాటు 260 కిలోల ఉప్పు కయ్యలోకి వస్తుంది. గడ్డి ఏడాది పొడుగునా మోసిన దానికంటే ఒక్క తడి తెచ్చిపెట్టేదే ఎక్కువ. ఈ లెక్క మనసులో ఉంటే, గడ్డి నాటి చేతులు కడుక్కుంటే సరిపోదని మీకే అర్థమవుతుంది.

గడ్డి చేసే మేలు వేరు. వేళ్లు ఊపిరి తీసుకుంటూ బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. అది నేలలోని తేమతో కలిసి బలహీనమైన ఆమ్లంగా మారి, మట్టిలో ముందునుంచే ఉన్న సున్నపు పదార్థాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అలా కరిగిన కాల్షియం, మట్టి రేణువులకు అంటుకుని ఉన్న సోడియాన్ని తప్పించి ఆ చోటులో తాను కూర్చుంటుంది. సోడియం పట్టిన రేణువులు నీటిలో విడివిడిగా తేలి సందులను మూసేస్తాయి, కాల్షియం పట్టినవి ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న పలుకులుగా నిలుస్తాయి, ఆ పలుకుల మధ్య నీరు దిగుతుంది. అంతేకాక చచ్చిన వేళ్లు విడిచిన సన్నని గొట్టాలు నీటికి నిటారుగా కిందికి పోయే దారులవుతాయి. ఏడాదంతా నేలను కప్పి ఉంచే గడ్డి నీడ వల్ల ఎండకు తేమ ఆవిరి కావడం తగ్గి, అడుగునుంచి ఉప్పు పైకి ఎగబాకడం కూడా తగ్గుతుంది. అంటే ఉప్పును బయటికి పంపేది నీరే, గడ్డి దానికి తలుపు తీస్తుంది. ఇక్కడ మీ పనల్లా తలుపు తీసిన తరువాత ఆ నీరు పోవడానికి ఒక చోటు చూపించడం.

మొదటి పని: మీది ఏ చౌడో తెలుసుకోండి

మన రైతులు చౌడును రెండుగా చెప్పుకుంటారు, ఆ విభజన చాలా సరైనది. పాలచౌడు లేక తెల్లచౌడులో ఎండాకాలం నేల మీద తెల్లటి పొర పేరుకుంటుంది, అడుగు వేస్తే పొడిపొడిగా విరుగుతుంది. ఇందులో కరిగే లవణాలు ఎక్కువ. ఈసీ 4 దాటుతుంది, క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ సాధారణంగా 8.5 లోపే ఉంటుంది. కారుచౌడులో సోడియం మట్టిని పట్టుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటుతుంది, మార్పిడి సోడియం శాతం, అంటే మట్టి రేణువులు పట్టి ఉంచుకున్న కాల్షియం, సోడియం వంటి వాటిలో సోడియం వాటా, 15 మించుతుంది. నేలలోని సేంద్రియ పదార్థం కరిగి పైకి తేలడం వల్ల నూనె ఒలికినట్లు నల్లటి మరకలు కనిపిస్తాయి, తడిస్తే జిగురు బురద, ఎండితే రాయి. ఈ రెండు గుణాలూ కలిసిన నేల మూడో రకం, ఈసీ 4 కంటే ఎక్కువ, సోడియం శాతం 15 కంటే ఎక్కువ. చెరువు కట్ట కింద జాలు, అంటే ఊటనీరు, పట్టిన కయ్యలలో, చాలాకాలంగా ఉప్పగా ఉండే సవ్వనీటి బోరుతో పారించిన చోట ఈ రకం ఉందేమోనని అనుమానించి చూడాలి. అన్నిటికంటే జాగ్రత్తగా నడుచుకోవలసింది దీనితోనే, ఎందుకో మూడో పని దగ్గర చెబుతాను.

పరీక్షా కేంద్రానికి మట్టి పంపే ముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేసి చూడండి. గాజు గ్లాసులో వాననీళ్లు గాని, బ్యాటరీలో పోసే నీళ్లు గాని పోసి, బాగా ఎండిన కుంకుడుకాయంత మట్టిపెళ్లను మెల్లగా జారవిడిచి, కదపకుండా ఒక పూట ఉంచండి. పెళ్ల విరిగి కుప్పగా పడి, పైన నీరు తేటగా ఉంటే సోడియం బాధ అంతగా లేదనుకోవచ్చు. పెళ్ల చుట్టూ పాలు ఒలికినట్లు మబ్బు కమ్మి, మరునాటికి కూడా నీరు తేరుకోకపోతే అది కారుచౌడు లక్షణం. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయకండి, అందులోని ఉప్పు వల్ల మట్టి త్వరగా పేరుకుని మిమ్మల్ని మోసగిస్తుంది. అదే కారణంగా, ఉప్పు బాగా ఎక్కువగా ఉన్న మూడో రకం నేల కూడా మొదటిసారి తేటగా కనిపించవచ్చు. అందువల్ల పై నీటిని వంపేసి, మళ్లీ వాననీరు పోసి రెండు మూడుసార్లు చూడండి, ఉప్పు కడిగిన కొద్దీ మబ్బు ఎక్కువైతే అసలు రోగం బయటపడినట్లే.

దీనితోపాటు నేలలో సున్నం ఉందో లేదో చూసుకోవాలి. సున్నం ఉంటే తెల్లటి గులకలు అడుగుమట్టిలో కనిపిస్తాయి. స్నానాల గదులు కడిగే ఆమ్లం ఒక చుక్క, చేతికి కంటికి తగలకుండా, పొడిమట్టి మీద వేస్తే బుసబుసమని పొంగుతుంది. పొంగితే మీ నేలలో వేళ్లు కరిగించుకోవడానికి కాల్షియం నిల్వ ఉన్నట్లు; మేత గడ్డితో బాగుచేసే పద్ధతి ఇటువంటి నేలలోనే బాగా ఫలిస్తుంది. పొంగకపోతే నేలకు కాల్షియం అందించే జిప్సం ఖర్చు తప్పదు.

ఇక పరీక్షకు మట్టిని వేసవిలో, వానలకు ముందు తీయాలి. పై 15 సెంటీమీటర్లు ఒక సంచి, 15 నుంచి 30 వరకు మరొకటి, 30 నుంచి 60 వరకు ఇంకొకటి వేరుగా కట్టి, తెల్లమచ్చల మట్టిని బాగున్న చోటి మట్టితో కలపకుండా పంపండి. ఈసీ, పీహెచ్, మార్పిడి సోడియం శాతం, జిప్సం అవసరం, ఈ నాలుగూ కావాలని చీటీ మీద రాయించండి. లేకపోతే మామూలు ఎరువుల పరీక్ష చేసి పంపుతారు. ఈసీని ఏ పద్ధతిలో కొలిచారో కూడా అడగాలి. ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీరు కలిపి కొలిస్తే వచ్చే అంకె, సంతృప్త మట్టిముద్ద నుంచి తీసిన నీటిలో వచ్చే అంకె కంటే చాలా తక్కువగా ఉంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పే అంకెలన్నీ రెండో పద్ధతివే. మట్టితోపాటు బోరు నీటిని కూడా సీసాలో పట్టి ఇవ్వండి. సబ్బు బాగా నురగ వస్తోంది కదా, మంచి నీరే అని అనుకోవద్దు, సోడా ఎక్కువగా ఉన్న నీటిలో కూడా నురగ బాగానే వస్తుంది. ఆ నీటి అవశేష సోడియం కార్బొనేటు, అంటే కాల్షియం, మెగ్నీషియం పోగా మిగిలే సోడా, లీటరుకు 2.5 మిల్లీతుల్యాంకాలు దాటితే జిప్సంతో సరిచేయకుండా చేనుకు పారించకూడదు.

రెండో పని: నీరు పోవడానికి దారి

కయ్యను చదును చేయకుండా ఏ పనీ మొదలుపెట్టవద్దు. జానెడు ఎత్తు తేడా ఉన్నా మిట్ట మీద నీరు నిలవక ఉప్పు అక్కడే పేరుకుంటుంది, పల్లంలో గడ్డి కుళ్లుతుంది. పెద్ద కయ్యను చిన్న మడులుగా విడగొట్టి, గనిమలను, అంటే మడి గట్లను, అడుగు ఎత్తుకు తగ్గకుండా గట్టిగా వేయండి. వాననీటిని బయటికి వదిలేయడం కాదు, మడిలోనే నిలబెట్టి కిందికి దింపాలి.

చెరువు కట్ట కిందిది అయితే ముందు జాలును ఆపాలి. కట్ట వైపు ఎగువ అంచున మూడడుగుల లోతున అడ్డకాలవ తవ్వి, దానిని ఊరి మురుగు వాగులో కలిపితే, కట్ట నుంచి ఊరే నీరు మీ కయ్య అడుగుకు రాకుండా ఆ కాలవలోనే పోతుంది. పల్లం వైపు మరొక కాలవ ఉండాలి, అది మీరు కడిగిన ఉప్పునీరు పోయే దారి. ఆ నీరు పక్కరైతు మడిలోకి పోకుండా చూసుకోవడం మన బాధ్యత. కాలవ తవ్వకముందే దిగువ వారితో కూర్చుని మాట్లాడుకోండి. సూళ్లూరుపేట, తడ ప్రాంతంలో పులికాట్ సరస్సుకు దగ్గరగా ఉన్న పొలాల్లో ఊటనీరే ఉప్పుగా, అదీ కొద్ది లోతులోనే ఉంటుంది కనుక, అక్కడ వేసవిలో ఎంత నీరు పెట్టి కడిగినా ఫలితం నిలవదు. గడ్డి కప్పు ఎండాకాలంలో పలచబడకుండా చూసుకోవడమే అటువంటి నేలల్లో అన్నిటికంటే ముఖ్యం.

మూడో పని: పెద్ద నీటికి ముందు జిప్సం

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా కట్ట కింది కయ్య మూడో రకం చౌడని అప్పటికి నాకు తెలియదు. నేల మీద తెల్లటి పొర చూసి, ఉప్పే కదా, కడిగేస్తే పోతుందనుకుని, చెరువు నిండిన ఏడాది తూము నీళ్లు తెచ్చి మడవ కట్టాను. మొదటి రెండు సార్లు నీరు బాగానే దిగింది. మూడోసారి పెట్టిన నీరు చీలమండ లోతున పది రోజులు కదలకుండా నిలిచింది. కొంగలు వచ్చి నిలబడేవి, నీళ్ల రంగు టీ డికాక్షన్‌లా మారింది. నీరు ఎండిన తరువాత మడంతా పెచ్చులుగా పగిలి, పార మోపితే ఖంగుమనేది. జరిగింది ఏమంటే, ఉప్పు ఉన్నంతవరకు మట్టి రేణువులను అది కొంత దగ్గరగా పట్టి ఉంచింది. మంచి నీళ్లతో ఉప్పు కడుక్కుపోగానే, మిగిలిన సోడియం రేణువులను విడదీసి సందులన్నీ మూసేసింది. పాలచౌడులా కనిపించిన నేలను నా చేతులతో నేనే కారుచౌడుగా మార్చుకున్నాను. అందుకే సోడియం శాతం 15 దాటిన ఏ నేలలోనైనా జిప్సం వేసిన తరువాతే పెద్ద నీరు పెట్టాలి.

ఎంత వేయాలన్నది పరీక్షా ఫలితం చెప్పాలి, అయినా లెక్క తెలుసుకోవడం మంచిది. పై 15 సెంటీమీటర్ల మట్టిలో ప్రతి 100 గ్రాములకు ఒక మిల్లీతుల్యాంకం సోడియాన్ని తప్పించడానికి ఎకరానికి సుమారు 780 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. మీ నేల మార్పిడి సామర్థ్యం, అంటే 100 గ్రాముల మట్టి కాల్షియం, సోడియం వంటివాటిని మొత్తం ఎంత పట్టి ఉంచుకోగలదో ఆ కొలత, 20 మిల్లీతుల్యాంకాలు ఉండి, సోడియం శాతాన్ని 30 నుంచి 10కి తేవాలంటే నాలుగు మిల్లీతుల్యాంకాలు తప్పించాలి, అంటే 3 టన్నులకు కొంచెం పైన. కొన్న జిప్సం స్వచ్ఛత నూటికి 80 అయితే దాదాపు 4 టన్నులు. సున్నం ఉన్న నేలలో చౌడుకు బాగా తట్టుకునే గడ్డి వేస్తున్నప్పుడు, ఈ మొత్తంలో సగం వేసి మిగతా పనిని వేళ్లకు వదిలేయవచ్చునని నా అభిప్రాయం; కాలం ఎక్కువ పడుతుంది గాని ఖర్చు రైతు మోయగలిగినంత ఉంటుంది.

జిప్సాన్ని మెత్తటి పొడిగా తీసుకుని, మడి అంతా సమంగా చల్లి, పై 10 సెంటీమీటర్లలోనే గుంటకతో కలపండి. లోతుగా దున్ని కలిపితే పలచబడి పని చేయదు. జిప్సం నీటిలో నెమ్మదిగా కరుగుతుంది, లీటరుకు రెండున్నర గ్రాములకు మించదు. 3 టన్నులు కరగడానికే ఎకరం మీద అడుగు లోతు నీరు కావాలన్నమాట. అంత నీటిని బోరుతో తోడడం కంటే వానకు వదిలేయడం మేలు. మనకు నైరుతి వానల కంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య వానల మీదే నమ్మకం ఎక్కువ, తీరం వైపు పోయేకొద్దీ ఇది మరింత నిజం. అందువల్ల చదును, గనిమలు, కాలవలు వేసవిలో, జిప్సం ఆషాఢం నాటికి, గడ్డి నాటడం భాద్రపదంలోపు పూర్తి చేసుకుంటే, తుఫాను వానలు వచ్చేసరికి వేళ్లు దిగి, నీరు దిగడానికి దారి సిద్ధంగా ఉంటుంది.

నాలుగో పని: ఏ పైరు, ఏ వరుసలో

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. పాలకు మంచిదని లూసర్న్‌తోనో, దిగుబడి ఎక్కువని సూపర్ నేపియర్‌తోనో మొదలుపెడతారు. ఎటువంటి చౌడులోనైనా వస్తుందని ఒకరు హామీ ఇస్తే నేను కూడా నేపియర్ ముక్కలు కొని నాటాను. మొలిచినవి ఆకు కొసలు మాడి, రెండో నెలకు మడిలో నాలుగో వంతు కూడా మిగలలేదు. ఉత్తర చైనా చౌడు మైదానాల్లో లూసర్న్ వాడుతున్నారని చదివి ఇక్కడ దానిని మొదటి పైరుగా వేసినా అంతే. లూసర్న్ దిగుబడి ఈసీ 2 దగ్గరే తగ్గడం మొదలవుతుంది, గరిక జాతి గడ్డికి ఆ హద్దు 6.9. ఈ తేడా నీటి ఖర్చులో కూడా కనిపిస్తుంది: ఈసీ 2 ఉన్న నీటితో పారించేటప్పుడు, ఉప్పు పేరుకోకుండా ఉండడానికి లూసర్న్‌కు నాలుగో వంతు నీరు అదనంగా కిందికి దింపాలి, గరికకు నూటికి ఆరు పాళ్లు చాలు.

పీహెచ్ 9.5 దాటిన గట్టి కారుచౌడుకు కర్నాల్ గడ్డి మొదటి ఎంపిక. పీహెచ్ 10 దాటినా, నీరు నిలిచినా బతుకుతుంది, జిప్సం లేకుండా కూడా నిలదొక్కుకుంటుంది. 1969లో ఏర్పడిన, హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర చౌడు నేలల పరిశోధనా సంస్థ దీని మీద విస్తారంగా పని చేసింది. పాకిస్తాన్ పంజాబులో ఇదే గడ్డిని కల్లర్ గడ్డి అంటారు, కల్లర్ అంటే అక్కడి మాటలో చౌడు నేలే. పిలకలు దూరం నుంచి తెప్పించుకోవలసి రావచ్చు. తిరుపతిలోని వ్యవసాయ పరిశోధనా స్థానంలోను, పశువైద్య విశ్వవిద్యాలయంలోను ముందుగా విచారించండి. రోడ్స్ గడ్డి, గరిక కూడా సోడియం శాతం 70 వరకు ఓర్చుకుంటాయి. వీటిలో రోడ్స్ గడ్డి సన్నని కాడతో పశువుకు ఇష్టంగా ఉంటుంది, ఎండుగడ్డిగా దాచుకోవడానికి కూడా పనికొస్తుంది, అయితే నీరు ఎక్కువ రోజులు నిలిస్తే తట్టుకోదు. నీరు నిలిచే పల్లపు మడికి పారా గడ్డి వేయండి. సోడియం 60 దాటినా నిలుస్తుంది, కాడ ముక్క నాటితే చాలు, పక్కలకు పాకి నేలను త్వరగా కప్పేస్తుంది. నా మాటకు విలువ ఇస్తే, మన చెరువు కింది చౌడుకు దీనితోనే మొదలుపెట్టండి.

పచ్చిరొట్ట పైరైన జీలుగ గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కారుచౌడును, నీరు నిలవడాన్ని జీలుగ బాగా ఓర్చుకుంటుంది, సోడియం శాతం 50 వరకు పెరుగుతుంది. కాని కరిగే ఉప్పును అంతగా ఓర్చుకోదు, ఈసీ రెండున్నర దాటకముందే ఎదుగుదల మందగిస్తుంది. కాబట్టి పాలచౌడులో ఎండు నేల మీద జీలుగ చల్లి, మొలవలేదని విత్తనాన్ని తిట్టుకోవద్దు. రెండు పెద్ద వానలు పడి పై ఉప్పు కిందికి దిగిన తరువాత చల్లండి. ఎకరానికి 12 కిలోలు, మచ్చలు ఎక్కువగా ఉంటే 15 కిలోలు వేసి, 45 నుంచి 50 రోజుల్లో పూత దశలో కలియదున్నాలి. కొసలను మేకలకు కోసుకుని, మిగతాది నేలలో కలిపినా సరిపోతుంది. నేలలో జీలుగ కుళ్లేటప్పుడు వెలువడే వాయువు, ఆమ్లాలు సున్నాన్ని కరిగించే పనిని వేగవంతం చేస్తాయి. జిప్సం వేసిన మొదటి వానాకాలంలో జీలుగ, దాని వెనుక గడ్డి అన్న వరుస మన వానలకు బాగా అమరుతుంది.

సజ్జ, అలసంద, పిల్లిపెసర, గినీ గడ్డి రెండో దశకు ఉంచుకోవాలి. సజ్జ, అలసందలకు సోడియం శాతం 25 దాటితే కష్టం, గినీ గడ్డి అంతకంటే కొంత ఓర్చుకుంటుంది. మేత జొన్న ఉప్పును ఓర్చుకుంటుంది గాని దాని ప్రమాదం వేరే ఉంది, కింద చెబుతాను.

ఐదో పని: నాటడంలో కిటుకు

బోదె వేసి నీరు పెట్టిన మరునాడు దగ్గరకు వెళ్లి వంగి చూడండి. కాలవలో మట్టి నల్లగా తడిగా ఉంటుంది, బోదె నెత్తిన మాత్రం సన్నని తెల్లగీత కనిపిస్తుంది, వేలితో తీసి నాలుకకు రాస్తే ఉప్పగా తగులుతుంది. నీరు పక్కలకు ఎగబాకి నెత్తి మీద ఆవిరై, తెచ్చిన ఉప్పును అక్కడ విడిచిపెడుతుంది. మనం అలవాటుగా బోదె నెత్తినే నాటుతాం, అంటే ఉప్పు కుప్పలో నాటుతున్నామన్నమాట. పిలకను బోదె పక్కన, నీరు తగిలే గీతకు కాస్త పైన నాటండి. నీరే బాగా ఉప్పగా ఉంటే కాలవ అడుగునే నాటండి.

పారా గడ్డికి ముదిరిన కాడలను మూడు కణుపుల ముక్కలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా అడుగు దూరంలో ఏటవాలుగా గుచ్చాలి. రోడ్స్ గడ్డికి విత్తనం కంటే వేళ్లున్న పిలకలే చౌడులో నమ్మకం, ఎందుకంటే మొలక దశే అన్నిటికంటే సున్నితమైనది. మామూలు నేలలో పెట్టే దూరాన్ని సగానికి తగ్గించండి. మూడో వంతు చచ్చిపోతాయని ముందే లెక్క వేసుకుని, మడి చివర ఒక మూల నారు ఉంచుకుంటే సందులు పూడ్చుకోవచ్చు. మొండి మచ్చలు ఉన్నచోట గంపెడు పశువుల ఎరువు, చెరువు మట్టి కలిపి గుంత నింపి నాటితే వేరు పట్టేవరకు మొక్కకు ఆసరా ఉంటుంది.

నీరు, ఎరువు

నాటిన మొదటి నెల తడులు పలచగా, దగ్గరదగ్గరగా ఉండాలి. ఆరనిస్తే ఉప్పు వేరు దగ్గరకు తిరిగి వస్తుంది. వేరు పట్టిన తరువాత తడి వ్యవధి పెంచి, ఒకేసారి ఎక్కువ నీరు పెట్టండి. ఈశాన్య వానల్లో మాత్రం గనిమ తెగకుండా కాపలా కాసి, వాననీటిని మడిలోనే నిలపాలి, గడ్డి కొసలు మునగకుండా చూసుకుంటే చాలు. నీరు దిగే నేలలో ఎంత లోతు మట్టిని కడగాలో అంత లోతు నీరు కిందికి దిగితే, ఉప్పులో నూటికి డెబ్బై ఎనభై పాళ్లు దానితో పోతాయి. అటువంటి వాన ఒక్కటి వృథా అయితే ఏడాది వెనక్కి పోయినట్లే.

కారుచౌడులో యూరియా పైపైన చల్లితే అమ్మోనియా వాయువుగా గాలిలో కలిసిపోతుంది. కోత కోసిన ప్రతిసారీ ఎకరానికి 25 కిలోల యూరియాను సాయంత్రం వేసి వెంటనే తడి ఇవ్వండి, అమ్మోనియం సల్ఫేటు దొరికితే అది ఇంకా మంచిది. జింకు లోపం చౌడు నేలలో దాదాపు తప్పదు, ఆకు ఈనెల మధ్య తెల్లబడుతుంది. మొదటి దుక్కిలోనే ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి, భాస్వరం ఎరువుతో కలపకుండా.

కోత, మేపు

పారా గడ్డి, రోడ్స్ గడ్డి మొదటి కోతకు 75 రోజులకు వస్తాయి, ఆ తరువాత 35 నుంచి 45 రోజులకు ఒకసారి. నేల మీద నాలుగైదు అంగుళాల మోడు తప్పనిసరిగా విడవాలి. మొదలంటా గీకి కోస్తే నేల ఎండకు బయటపడి, రెండు నెలల్లో దిగిన ఉప్పు రెండు వారాల్లో పైకి వస్తుంది. పశువులను మడిలోకి తోలవద్దు. తడి చౌడులో ఒక గిట్ట పడితే బొటనవేలు లోతు గుంట పడి, అడుగున గట్టి పెంకు కడుతుంది, దానిని మళ్లీ తెరవడానికి గడ్డికి నెలలు పడుతుంది. కోసి మోసుకెళ్లడం శ్రమే, కాని మొదటి రెండేళ్లు వేరే మార్గం లేదు.

చౌడులో పెరిగిన గడ్డిలో ఉప్పు పాలు ఎక్కువ కాబట్టి పశువు నీరు ఎక్కువ తాగుతుంది. తొట్టిలో మంచినీరు ఎప్పుడూ ఉండాలి, అదే బోరు ఉప్పునీరు పోయకూడదు. మొదట వరిగడ్డిలోనో వేరుశనగ కట్టెలోనో కొద్దిగా కలిపి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి. మేతలోనే ఉప్పు ఉంది గనుక తవుడులో రాళ్లుప్పు కలపడం తగ్గించండి. పారా గడ్డిలోని ఆక్సలేట్లు పశువు ఒంట్లోని కాల్షియాన్ని పట్టివేస్తాయి. పాడిపశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి, ఈనిన ఆవుకు ఈ గడ్డి ఒక్కటే కడుపునిండా వేయకూడదు. మేత జొన్న వేసినవారు పూత రాకముందు గాని, నీళ్లు అందక వాడిన తరువాత చిగిర్చిన పైరును గాని మేపవద్దు, నాము, అంటే అటువంటి జొన్నలో ఉండే విషం, తగిలితే పశువు గంటలో పడిపోతుంది.

నేల మారుతోందని ఎలా తెలుస్తుంది

కాగితం కంటే ముందు కలుపు చెబుతుంది. ఇలకూర, ఉప్పుశనగ మొలిచే చోట ఇంకా ఉప్పు ఉన్నట్లు, వాటి మధ్యలోకి గరిక, తుంగ తమంతట తాము వస్తుంటే నేల తిరుగుతున్నట్లు. నీటి పరీక్ష ఇంకా సులభం. రెండువైపులా తెరిచి ఉన్న పాత పెయింటు డబ్బాను మట్టిలో నాలుగు వేళ్ల లోతు దింపి, మూడంగుళాల నీరు పోసి, ఎంతసేపటికి ఇంకిందో గోడ మీద రాసి పెట్టుకోండి. ఏటా ఒకే నెలలో, అదే చోట ఈ కొలత తీయాలి. మా కయ్యలో మొదటి ఏడాది సాయంత్రం పోసిన నీరు తెల్లవారినా నిలిచి ఉండేది. మూడో ఏడాది పొద్దుగుంకేలోపు ఇంకింది, ఆ రోజు అప్పటిదాకా పడిన కష్టం మరిచిపోయాను.

ఇందుకు రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. వేసవిలో తీసిన మట్టిలో పై అడుగు ఈసీ 4 లోపు, సోడియం శాతం 15 లోపు వచ్చినా, వెంటనే గడ్డి అంతటినీ పీకి వేరుశనగ వేయవద్దు. ముందు సగం మడిలో చౌడు తట్టుకునే వరి వేయండి, మచిలీపట్నం పరిశోధనా స్థానం రూపొందించిన ఎంసీఎం 103 వంటివి. వరికి వేళ్లు లోతుకు పోవు, నీరు నిలపడం వల్ల కడగడం కూడా కొనసాగుతుంది. ఆ తరువాత రాగి, సజ్జ, చివరగా వేరుశనగ. కట్ట వైపు అడ్డకాలవ పక్కన, పల్లపు కాలవ గట్టు మీద ఉన్న పారా గడ్డి పట్టీలను మాత్రం ఎప్పటికీ తీయకండి. చెరువు నిండిన ఏడాది జాలు మొదట వచ్చి తగిలేది అక్కడే.